అద్దాల బీరువా

ఆ వేసవిలో మూడు వారాలకు పైగా మా వదిన గర్భసంచి ఒక ఆస్పత్రి హాల్లో, అద్దాల బీరువాలో, పైనుంచి రెండో అరలో ఉంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూశారు. చంటిపిల్లల్ని ఎత్తుకుని మరీ చూపించారు. సీసాకి అంటించిన కాగితం మీద లావు అక్షరాలతో ‘మూడు కిలోల నూటయాభై గ్రాములు’ అని రాసి ఉండేది. మనిషి పేరు లేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి. చల్లారిపోతే ఈ సంగతి సరిగ్గా చెప్పలేను.

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. ముందు గదిలో రక్తం తీసుకునేవాళ్ళు వేరే. నాది వెనకగది. ఆపరేషన్లలో తీసినవి సీసాల్లో మా దగ్గరికి వస్తాయి. వాటిని కోసి, అనుమానం ఉన్నచోట ముక్కలు తీసి, మైనంలో పోతపోసి, ఉల్లిపొరకన్నా పల్చగా చెక్కి, గాజుపలక మీద పరిచి, రంగు వేసి మా డాక్టరమ్మ మైక్రోస్కోప్ పక్కన పెట్టాలి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. కోసిన గర్భసంచులకు లెక్కలేదు. చాలావాటిలో ఉండేవి మామూలు గడ్డలే, మనిషికి ప్రాణభయం లేనివి. ఎప్పుడో ఒకసారి వచ్చే ఆ రెండోరకం కోసమే మా గది ఉంది. అది లేకపోతే మమ్మల్నందర్నీ పంపేసి ఆ గదిలో పాత బల్లలు పడేసుకోవచ్చు.

మా ఇంట్లో ముగ్గురం. అన్నయ్య, వదిన, నేను. అన్నయ్య పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే గుమాస్తా. వదిన స్కూలు యూనిఫారాలు కుడుతుంది. వాళ్ళకి పిల్లల్లేరు. నాకు పెళ్ళి లేదు. “ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, ఆ లెక్కన నాకు ఒకటిన్నర మొగుళ్ళు,” అని వదిన ఎవరితోనైనా అంటుంది. వేసవి ఆవిడకి సీజను. బళ్ళు తెరిచేలోపు వందల చొక్కాలు, వందల నిక్కర్లు కుట్టిపెట్టాలి. ఇల్లంతా నీలం గుడ్డ, తెల్ల గుడ్డ, వాటి మధ్య నడవడానికి మాకు ఒక దారి.

ఆవిడకి ముట్లు ఆగి రెండేళ్ళయింది. ఆ ఏడు చలికాలంలో మళ్ళీ మొదలయ్యాయి. చెబుతుందా? చెప్పదు. కుట్టుమిషను ముందున్న స్టూలు మీద పాతగుడ్డ నాలుగు మడతలు వేసుకుని కూర్చోవడం చూసి నేనే పట్టుకున్నాను.

“ఎన్నాళ్ళనుంచి?” అన్నాను.

“ఏమో, ఎవరు చూశారు. వయసులో ఉన్నప్పుడు సరిగ్గా రాలేదు కదా, బాకీ తీర్చుకుంటోందేమో,” అంది.

నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. ఒకసారి ఆగిపోయాక మళ్ళీ రక్తం కనపడితే గర్భసంచి లోపలి పొర పరీక్ష చేయించి తీరాలని మా వెనకగదిలో ఊడ్చేవాళ్ళకి కూడా తెలుసు. ఊళ్ళో పెద్దడాక్టరని పేరున్నాయన దగ్గరికి తీసుకెళ్ళాం. స్కానింగులో గడ్డ కనపడింది, చాలా పెద్దది. ఆయన మొహం వెలిగిపోయింది. “ఇంత గడ్డ పెట్టుకుని ఎలా తిరుగుతున్నావమ్మా!” అన్నాడు. గడ్డ ఉంది కాబట్టి రక్తం దానివల్లే. ఇక దాని గురించి మాట్లాడలేదు.

“ముందుగా లోపలి పొర కాస్త తీసి పరీక్ష చేయించరా సార్?” అని అడిగాను.

“ఎలాగూ సంచి మొత్తం తీసేస్తున్నాం కదా! తీశాక మీ ల్యాబ్‌కే పంపిస్తాను. తీరిగ్గా చూసుకోండి,” అన్నాడు. అన్నయ్య నా మోచెయ్యి గిల్లాడు. పెద్దాయన ముందు నేను ఎక్కువ మాట్లాడుతున్నానని.

ఆపరేషన్ రోజు నర్సు పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చింది. వెనకే ఆయన, చేతులింకా తుడుచుకుంటూ. హాల్లో కూర్చున్నవాళ్ళందర్నీ రండి రండి అని పిలిచాడు. “ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత పెద్దది నేను తియ్యలేదు,” అన్నాడు. కాంటా తెప్పించి అక్కడే తూచారు. అన్నయ్యని పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. ఫొటోలో మా అన్నయ్య ఆటల పోటీలో కప్పు గెలిచినట్టు నవ్వుతున్నాడు. లోపల వదినకి ఇంకా మెలకువ రాలేదు.

“సీసా నేనే పట్టుకెళ్తాను సార్,” అన్నాను.

“ఎందుకమ్మా తొందర? ముందు మీ వదినని చూసుకో. మేం పంపిస్తాం.”

సరేనన్నాను. ఆ సరేననడం మీద నాకున్న కోపం ఇంకెవరి మీదా లేదు.

రోజూ పొద్దున్నే వెళ్ళి వచ్చిన సీసాలు చూసుకునేదాన్ని. ఆయన ఆస్పత్రి చీటీతో ఒక్కటీ రాలేదు. తొమ్మిదో రోజు కుట్లు విప్పించడానికి ముగ్గురం వెళ్ళాం. హాల్లో అడుగుపెట్టగానే అన్నయ్య, “అదుగో, మనదే!” అన్నాడు. గోడవారగా అద్దాల బీరువా. అంతకుముందు అందులో ఆరు సీసాలుండేవి, ఒక్కోదాంట్లో ఒక్కో గడ్డ, ఒక్కోదాని మీద ఒక్కో బరువు. ఇప్పుడు ఏడు. ఏడోది అన్నిటికన్నా పెద్దది, మధ్యలో పెట్టారు. ఒక్క గాటు కూడా పెట్టకుండా సంచిని సంచిలాగే, కుళ్ళకుండా ఉంచే మందులో ముంచేశారు. వదిన ఒకసారి చూసి, “అమ్మో, అదా నా కడుపులో కాపురం పెట్టింది,” అని కుట్లు పట్టుకుని నవ్వింది.

వాళ్ళిద్దర్నీ నర్సుకి అప్పగించి నేను ఆయన గదిలోకి వెళ్ళాను.

“సార్, మా వదినది ల్యాబ్‌కి రాలేదండీ.”

“బీరువాలో చూశావా ఎలా పెట్టించానో? పక్క ఊళ్ళనుంచి డాక్టర్లు వచ్చి చూసి వెళ్తున్నారు.”

“పరీక్షకి పంపిస్తానన్నారు.”

“దేనికమ్మా? కళ్ళతో చూస్తేనే తెలుస్తోంది, మామూలు గడ్డ. ఇలాంటివి కొన్ని వందలు తీశాను.”

“గడ్డ సంగతి కాదండీ. లోపలి పొర. ముట్లాగిన రెండేళ్ళకి రక్తం అయింది కదా...”

“నువ్వు డాక్టరువా?”

“కాదండీ.”

“దాన్ని కోస్తే ఆకారం పోతుంది,” అన్నాడు. మంచి కుండ పగలగొట్టమన్నట్టు చూశాడు నావైపు. “వెళ్ళిరా. మీ వదినకి అంతా బాగానే ఉంది.”

ఆకారం పోతుందట! విన్నారా?

అసలు సంగతి ఏమిటంటే, గర్భసంచిని కోసి తెరిచి మందులో వెయ్యాలి. కొయ్యకుండా ముంచితే మందు పైపైన పనిచేస్తుంది. అది మధ్యకి చేరేలోపు లోపలి పొర చివికిపోతుంది. చూడాల్సింది ఆ పొరనే. సగం ఇప్పటికే పోయి ఉంటుందని నాకు తెలుసు. పైగా లోపల నిజంగా చెడ్డదే ఉంటే తర్వాతి వైద్యానికి గడువు వారాల్లో ఉంటుంది, నెలల్లో కాదు. అవతల మా వదిన ఆరోగ్యం కుదుటపడిందని కత్తెర చేతపట్టుకుని కూర్చుంది. ఇవతల నేను వేళ్ళమీద రోజులు లెక్కపెడుతున్నాను.

మా డాక్టరమ్మతో చెప్పాను. ఆవిడ మంచి మనిషి, కానీ భయస్తురాలు.

“ఆయన పంపే రక్తపరీక్షలతోనే మన ల్యాబ్ నడుస్తోంది. నీటిలో ఉండి మొసలితో పోరాడమంటావా?”

“మొసలి నోట్లో ఉన్నది మా ఇంటి మనిషమ్మా,” అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది. “నేను ఆయన్ని అడగలేను. నా బల్ల మీదకంటూ వస్తే మాత్రం చూడకుండా ఉండను. అంతే నేను చెప్పగలిగేది,” అంది.

అన్నయ్యతో చెబితే వాడు చెవులు మూసుకున్నంత పని చేశాడు. “అంత పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి మాట్లాడాడు. ఆయనకి తెలీదా, నీకు తెలుసా? ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతోంది. దాని మనసు పాడుచెయ్యకు.” ఫోనులో ఆ ఫొటో ఆఫీసులో అందరికీ చూపించాడు. ఉత్తరాల సంచులు మోసేవాళ్ళు కూడా చూశారట.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. వాడి మాట విని పన్నెండు రోజులు నోరు కుట్టేసుకున్నాను. గడ్డకట్టిన మైనంలాగా. ల్యాబ్‌లో ఊరివాళ్ళందరి సంచులూ కోస్తున్నాను, మా ఇంటిది మాత్రం బీరువాలో ఉంది. ఎవరికి చెప్పుకోను?

చూడటానికి వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఇరుగమ్మ, పొరుగమ్మ, యూనిఫారాలు కుట్టమని ఇచ్చినవాళ్ళు. అందరూ బీరువా చూసే వచ్చారు. ఒకావిడ కుర్చీలో కూర్చుని కూర్చోకముందే, “పిల్లల్ని మొయ్యలేదు గానీ మూడు కిలోల గడ్డని మాత్రం భలే మోశావమ్మా,” అంది. వదిన మాత్రం, “ఔను, పేరు పెడదామనుకునేలోపే తీసేశారు,” అని నవ్వించి పంపేసింది. తలుపు వేసి వచ్చాక నవ్వు లేదు. కాజాలు కుట్టాల్సిన చొక్కా ఒకటి ఒళ్ళో వేసుకుని సూదిలో దారం ఎక్కిస్తూ, “నువ్వెందుకు ఈమధ్య నవ్వట్లేదు?” అంది.

“ఏం లేదు వదినా.”

“నీ మొహం నాకు తెలీదా? పాతికేళ్ళనుంచి చూస్తున్నాను. చెప్పు.”

చెప్పాను. పొర సంగతి, మందు సంగతి, గడువు సంగతి, ఆకారం పోతుందన్న సంగతి, అన్నయ్య వద్దన్న సంగతి, అన్నీ. ఆవిడ కాజా కుట్టడం ఆపలేదు. అయిపోయాక దారాన్ని పళ్ళతో తెంపింది.

“అది ఎవరిది? నాదా, ఆయనదా?”

“నీదే.”

“మరి నన్నెవరడిగారు?”

అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుకుంటుంటే గుమ్మంలోనే పట్టుకుంది. “ఏమండీ, ఈ సంగతి మీకు తెలుసా?”

అన్నయ్య నావైపు చూశాడు, నన్ను మింగేసేలాగా. తర్వాత నేల చూశాడు. “నీ మంచికే...”

“నాకు చెప్పకుండా నాకు చేసే మంచేమిటండీ? కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టినట్టు!” గొంతు పెంచలేదు. “రేపు మిట్టమధ్యాహ్నం వెళ్దాం. హాలు నిండుగా ఉంటుంది.”

మర్నాడు వెళ్ళాం. నిజంగానే కూర్చోవడానికి చోటులేదు. వదిన తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళి నిలబడి నర్సుని పిలిచింది.

“దీని తాళం ఎవరి దగ్గరుందమ్మా?”

“సార్‌ని అడగాలండీ.”

“అడుగు. నేనిక్కడే ఉంటాను.”

ఆయన బయటికి వచ్చాడు. “ఏమ్మా, కుట్లు బాగా మానాయా?”

“మానాయి సార్. నా సామాను ఇక్కడుండిపోయింది, తీసుకెళ్దామని వచ్చాను.”

అర్థం కావడానికి ఆయనకి కాస్త టైము పట్టింది. “అది ఆస్పత్రిదమ్మా. నువ్వు ఆపరేషన్‌కి సంతకం పెట్టావు.”

“తియ్యడానికి పెట్టాను. ఉంచుకోవడానికి పెట్టలేదు.”

బెంచీల మీద గుసగుసలు ఆగిపోయాయి. ఎవరో మూలనుంచి కిసుక్కున నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా గెలుపు తనదే అన్నట్టు నర్సుతో, “ఇచ్చెయ్యండి, ఇచ్చెయ్యండి. ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకుంటుందో చేసుకోనీ,” అని చెయ్యి ఊపాడు.

తాళం తీశారు. సీసా బరువైంది. వదిన ఎత్తకూడదు. నేను ముందుకు వెళ్ళేలోపు అన్నయ్య వచ్చాడు. రెండు చేతులతో సీసా ఎత్తి గుండెలకి ఆనించుకున్నాడు. ఆయన, “జాగ్రత్తయ్యా,” అని భుజం మీద చెయ్యి వెయ్యబోతే పక్కకి జరిగాడు. వదిన సంచిలోంచి గజం నీలం గుడ్డ తీసి సీసా చుట్టూ కప్పింది. “ఊరు చూసింది చాలు,” అంది.

ల్యాబ్‌కి తెచ్చాక ఇంకో గోల. సీసా పొట్ట పెద్దది, మూతి చిన్నది. మెత్తగా ఉన్నప్పుడు ఎలాగో కుక్కారు. మందులో గట్టిపడ్డాక బయటికి రాదు. నలుగురికి చూపించుకోవాలనుకున్నవాడు మళ్ళీ బయటికి తియ్యాల్సివస్తుందని ఎందుకనుకుంటాడు? మందు తొట్టిలో వంపేసి, సీసాకి గోనెగుడ్డ చుట్టి సుత్తితో కొట్టాను. మొదటి దెబ్బకి పగల్లేదు. రెండో దెబ్బ ఎవర్ని తలుచుకుని వేశానో చెప్పనక్కర్లేదు.

గడ్డని కోశాను. తెల్లగా, గట్టిగా, నూలుండ చుట్టినట్టు వరసలు. మామూలు గడ్డ. పెద్దడాక్టరు చెప్పింది అక్షరాలా నిజం. న్యాయం మాట్లాడాలి కాబట్టి చెబుతున్నాను. ఆ గడ్డ లోపలి గదిని ఒక పక్కకి నొక్కేసింది. గదిని తెరిచాను. నేను భయపడ్డట్టే పొర చాలావరకు చివికిపోయి బురదలా ఉంది. తుడుచుకుంటూ, కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోయాను. కుడివైపు పైమూలలో, మందు ఎలాగో చేరినచోట, బొటనవేలి గోరంత మేర పొర మిగిలి ఉంది. అది పొరలా లేదు. పిండి గడ్డకట్టినట్టు తెల్లగా, పట్టుకుంటే రాలుతూ, గోడలోకి దిగిపోయి ఉంది. మామూలుగా మూడు నాలుగు ముక్కలు తీస్తాం. నేను పదకొండు తీశాను.

మూడో రోజు మా డాక్టరమ్మ వెనకగదికి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ రాదు, నన్నే పిలుస్తుంది. గుమ్మం పట్టుకుని నిలబడి, “క్యాన్సరే. గోడలో సగం దాటింది. బయటికి మాత్రం రాలేదు,” అంది. తర్వాత, “రిపోర్టు మీద సంతకం పెట్టాను. ఆయనకి కూడా ఒక కాపీ పంపుతున్నాను. రక్తపరీక్షలు మానేస్తే మానెయ్యనీ,” అంది. ఆ సంతకం ఆవిడ ఎంత దడతో పెట్టి ఉంటుందో నాకు తెలుసు.

రిపోర్టులో రెండే అంశాలు. మొదటిది, గర్భసంచి కండరంలో గడ్డ, హానిలేనిది. రెండోది, లోపలి పొరలో క్యాన్సర్, గోడలోకి వ్యాపించినది. ఒకే ఇంట్లో మంచివాడూ దొంగా కాపురమున్నట్టు. వచ్చినవాళ్ళంతా ఆ లావుపాటి మంచివాణ్ణి చూసి వెళ్ళిపోయారు.

ఇంటికి వెళ్ళి చెప్పాను. దాయలేదు, మెత్తగానూ చెప్పలేదు. వదిన మిషను మీద చేతులు పెట్టుకుని వింది.

“ఎంత లోతు?”

“గోడ మందంలో సగానికి పైగా.”

“అంటే లైనింగులో పుట్టి పైగుడ్డలోకి వచ్చింది. పైగుడ్డ దాటి ఇవతలికి రాలేదు. అంతేనా?”

“అంతే. కానీ ఇంకెక్కడైనా ఉందేమో స్కాన్ చేసి చూడాలి. కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవాలి, ఒకట్రెండుసార్లు కాదు.”

“అయితే ఇంకా బాగుచెయ్యొచ్చన్నమాట,” అంది. అప్పుడు ఏడ్చింది. అన్నయ్య పక్కన కూర్చుని, “నాదే తప్పు,” అన్నాడు. “ఔను, మీదే. ఇప్పుడు లేచి టీ పెట్టండి,” అంది ఏడుస్తూనే.

మీరు కంగారుపడకుండా ఒక ముక్క ముందే చెప్పేస్తాను. మా వదిన బతికే ఉంది. ఇరవై అయిదుసార్లు కరెంటు పెట్టారు. ఒళ్ళు కాలింది, తిండి సహించలేదు, అయినా తట్టుకుంది. ఇప్పుడు పక్కగదిలో కూర్చుని బొత్తాలవాడు రంగు తప్పు పంపాడని తిడుతోంది. క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టరు అన్నాడు, “రక్తం మళ్ళీ కనపడేదాకా ఆగి వచ్చి ఉంటే నేనేం చెప్పాల్సివచ్చేదో, తలుచుకోకండి,” అని.

ఆ డాక్టరే, వైద్యం మొదలుపెట్టేముందు, ఆపరేషన్‌లో ఏమేం తీశారో, ఏమేం ఉంచారో ఆ కాగితాలు కావాలన్నాడు. అందుకని ముగ్గురం మళ్ళీ ఆ హాలుకి వెళ్ళాల్సివచ్చింది. నాకు అసలు చెప్పాలనున్నది ఆ రోజు సంగతి.

హాలు ఎప్పట్లాగే నిండి ఉంది. మా డాక్టరమ్మ పంపిన కాపీ పెద్దడాక్టరు విప్పి చూసినట్టు లేదు, గది తలుపు దగ్గరే నిలబడి మా రిపోర్టు అందుకుని చదివాడు. చదువుతూ మొహం విప్పారింది.

“గడ్డ మామూలుదేనని నేను చెప్పానా, లేదా?”

“రెండోది కూడా చదవండి సార్,” అంది వదిన.

చదివాడు. కాగితం మడతపెట్టాడు. “ఇలాంటివి చాలా అరుదమ్మా. నీ అదృష్టం బాగుంది, వేళకి బయటపడింది.”

నేనిక ఆగలేకపోయాను. “అదృష్టం బయటపెట్టలేదండీ! తాళం తీయించుకుని మేం తీసుకెళ్తే బయటపడింది. మీరు ఆకారం పోతుందన్నారు. మనిషి పోతుందని మీకు తట్టలేదా? ఇంకో ఏడాది అక్కడే ఉండేది, జనం చూస్తూ ఉండేవాళ్ళు, మా వదిన ఇంట్లో...”

“మర్యాదగా మాట్లాడు. ఇది ఆస్పత్రి.”

వదిన నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఆయన్ని చూడలేదు, బీరువాని చూస్తోంది. అందులో ఇప్పుడు ఆరు సీసాలు.

“ఆ ఆరూ ఎవరివి సార్?”

“పాతవమ్మా. ఎప్పటివో.”

“వాటికి రిపోర్టులున్నాయా?”

ఆయన మడతపెట్టిన కాగితాన్నే మళ్ళీ మడతపెట్టాడు.

“పోనీ, పేర్లున్నాయా?”

నర్సు తల దించుకుంది. మా అన్నయ్య వెళ్ళి అద్దానికి మొహం ఆనించి ఒక్కో సీసా మీద ఉన్నది పైకి చదివాడు. ఉత్తరాల మీద చిరునామాలు చదివే గొంతుతో, తొణక్కుండా. “కిలో ఎనిమిది వందలు. రెండు కిలోల నూరు. రెండు కిలోల ఆరువందలు...”

“అది నాదే,” అని ఎవరో అన్నారు.

బెంచీ చివర ఒకావిడ. వదిన ఈడే ఉంటుంది, కాస్త తక్కువేమో. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాత చీటీలు. లేచి నిలబడింది.

“రెండు కిలోల ఆరువందలు నాదే. నాలుగేళ్ళయింది. మా ఇంటాయన అప్పుడు అందర్నీ తీసుకొచ్చి చూపించాడు. నాకు రిపోర్టులాంటిదేమీ ఇవ్వలేదు. ఇస్తారని కూడా నాకు తెలీదు.”

“లోపలికి రామ్మా, నేను చూస్తాను,” అన్నాడు పెద్దడాక్టరు.

ఆవిడ కదల్లేదు. ఆయనవైపు చూడనూ లేదు. సీసా తీసుకెళ్ళి లోపలిది బయటపెట్టినవాళ్ళలో నేనొకదాన్నని నా మాటల్లో పట్టుకుందేమో, జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరికే వచ్చింది. అంతమందిలో అడగడానికి సిగ్గుపడి గొంతు తగ్గించింది. అయినా హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే అందరికీ వినపడింది.

“నెలరోజులనుంచి నాకు మళ్ళీ రక్తం అవుతోందమ్మా. అది అడుగుదామనే వచ్చాను. సంచే లేనప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుంది? అలా రావచ్చా?”

వదిన చెయ్యి నా చేతిని గట్టిగా నొక్కింది.

“రాకూడదమ్మా,” అన్నాను.